నా నడక ఎరిగిన మనిషి

మొదటి రోజు

ఏడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాక ఇవాళ కాలికట్టు విప్పారు. ఎముక బాగానే అతుక్కుందని, కుంటు మాత్రం కొన్నాళ్ళు ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రి బండి నన్ను మా టవరు గుమ్మం ముందు దించి వెళ్ళిపోయింది. చేతికర్ర ఊతంగా లోపలికి నాలుగడుగులు వేశాను.

"నమస్కారం. మీరెవరు?" అని అడిగింది గుమ్మం.

పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఈ గుమ్మం నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. నేను వస్తుంటే తెరుచుకునేది, లోపలికెళ్ళాక మూసుకునేది, అంతే. పేరు చెప్పాను. గొర్లె హైమవతి, పందొమ్మిదో అంతస్తు, నాలుగో ఇల్లు. "మీ నడక హైమవతి గారి నడకతో సరిపోవడం లేదు" అంది, చాలా మర్యాదగా.

రెండు గంటలు మెట్ల దగ్గరే కూర్చున్నాను. చివరికి ఆస్పత్రి వాళ్ళు ఏదో కాగితం పంపాక పైకి వెళ్ళనిచ్చింది. ఇంట్లోకి వచ్చి "లైటు వెయ్యి" అన్నాను. ఇల్లు పలకలేదు. స్విచ్చులు ఎక్కడున్నాయో గోడంతా తడుముకున్నాను.

నేను చెబితే ఇల్లు రాసుకునేది. ఇప్పుడు వినడం మానేసింది కాబట్టి, ఇలా పాత పుస్తకంలో చేత్తో రాసుకుంటున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి.

రెండో రోజు

అడుగుజాడ కార్యాలయం నుంచి పసుపు కార్డు వచ్చింది. మెడలో వేసుకోవాలి. ఏ తలుపు దగ్గరైనా దాన్ని చూపించి నాలుగైదు నిమిషాలు ఆగితే తెరుచుకుంటుంది. నిన్నటి నుంచి లెక్కేసి ముప్ఫై రోజులు పనిచేస్తుంది.

ఎవరి ముఖమైనా, ఎవరి గొంతైనా ఎవరైనా తగిలించుకోవడం మొదలయ్యాక ఈ అడుగుజాడ వచ్చింది. నడకను మాత్రం ఎవరూ దొంగిలించలేరన్నారు. ఇళ్ళల్లో, దుకాణాల్లో, బస్సుల్లో నేల కింద నడకని పసిగట్టే పట్టీలు పరిచారు. మొదట్లో నాకెంత ముచ్చటేసిందో! తాళాలు లేవు, కార్డులు లేవు, వరసలో నిలబడే పని లేదు. దుకాణంలోకి నడిచి వెళ్ళి, కావలసింది తీసుకుని నడిచి వచ్చేయడమే. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడాల్సిన అవసరం లేదు. అది కూడా హాయిగానే ఉండేది. దాచడమెందుకు, మా ఆయన పోయిన కొత్తల్లో మనుషులు పలకరిస్తే ఏడుపొచ్చేది నాకు. పలకరించేవాళ్ళు లేకపోవడమే మేలనిపించేది.

నాలుగో రోజు

కింద సరుకుల పెట్టె దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డాను. నా వెనక ముగ్గురు చేరారు. చెవుల్లో పాటలు వినే పూసలు, చూపులు ఎక్కడో. నాలుగు నిమిషాలయ్యాక "మరోసారి ప్రయత్నించండి" అంది పెట్టె. వెనకాయన గట్టిగా ఊపిరి వదిలాడు. పక్కకి జరిగాను. వాళ్ళు ముగ్గురూ నడిచి వచ్చి, తమ పాలూ కూరలూ తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్కళ్ళయినా "ఏమైందండీ?" అనలేదు.

అనాలని నేనెలా అనుకుంటాను? ఎవరైనా ఇలా కార్డు పట్టుకుని నిలబడి ఉంటే నేను అడిగానా ఎప్పుడైనా?

ఇడ్లీరవ్వ, టీపొడి, రెండు కొబ్బరికాయలు దొరికాయి. చింతపండు రాలేదు.

ఆరో రోజు

పనికి వెళ్ళలేకపోతున్నానని పైవాళ్ళకి రాశాను. వెళ్ళడమంటే గది దాటి పక్క గదిలోకి వెళ్ళడమే. జనం తమ ఇళ్ళతో మాట్లాడే మాటలు యంత్రానికి అర్థం కాకపోతే వాటిని విని సరిదిద్దుతాను నేను. మా ఉత్తరాంధ్ర మాటలన్నీ నా వాటాయే. 'ఏటి' అంటే 'ఏమిటి' అని రోజుకి నాలుగు వందలసార్లు రాసేదాన్ని. పనిగది గుమ్మం కూడా నన్ను గుర్తుపట్టడం లేదు. పసుపు కార్డున్నవాళ్ళు ఇతరుల మాటలు వినకూడదట.

"గుర్తింపు తేలాక మళ్ళీ కలుద్దాం" అని జవాబొచ్చింది. ఆ రాసింది మనిషో కాదో తెలియలేదు.

తొమ్మిదో రోజు

కార్డుతో పాటు వచ్చిన షరతులు ఇవాళ పూర్తిగా చదివాను. ముప్ఫై రోజుల్లోగా ఒక సాక్షిని తీసుకురావాలి. కిందటేడాది నన్ను నేరుగా, చేతికందే దూరంలో కలుస్తూ ఉన్న మనిషి అయివుండాలి. ఆ మనిషి వచ్చి, ఈమె ఆమేనని చెబితే నా కొత్త నడకని నా పేరు మీద రాస్తారు. లేకపోతే కార్డు ఆగిపోతుంది. ఇల్లు మూసేస్తారు. నన్ను గుర్తు తేలనివాళ్ళ వసతిగృహానికి పంపిస్తారు. అక్కడ కొందరు నాలుగేళ్ళుగా ఉన్నారట.

భానక్కకి ఫోన్ చేశాను. నాకున్నది ఒక్కగానొక్క అక్క, రాయపూర్‌లో ఉంటుంది. వారానికి మూడుసార్లు మాట్లాడుకుంటాం.

"అయ్యో హైమా, కాలెలా ఉందే? వేడినీళ్ళతో కాపడం పెట్టుకుంటున్నావా?" అంది.

"పెట్టుకుంటున్నాను గానీ అక్కా, ఒకసారి రాగలవా? అధికారుల దగ్గర నువ్వు నా పక్కన నిలబడితే చాలు. కిందటేడు మనం కలవలేదనుకో, అయినా తోడబుట్టినదానివి కదా, అడిగి చూద్దాం."

"తప్పకుండా. అక్కతో చెబుతాను."

కాసేపు నాకర్థం కాలేదు. "ఏ అక్కతో?" అన్నాను.

కాస్త ఆగి, అదే గొంతుతో, అదే ముద్దుతో అంది: "భాను గారు ప్రస్తుతం అందుబాటులో లేరు. మీ సందేశం వారికి చేరవేస్తాను."

బదులుగొంతు. తీరిక లేనివాళ్ళు తమ బదులు మాట్లాడడానికి పెట్టుకుంటారు. ఎన్నాళ్ళుగా అని అడిగితే, నిరుడు దసరా నుంచి అని చెప్పింది. కోపం రాలేదు నాకు. ఎలా వస్తుంది? ఆదివారాలు ఒళ్ళు బద్ధకమనిపించినప్పుడు నేనూ నా బదులుగొంతునే పెట్టేదాన్ని. ఆ ఆదివారాల్లో మా ఇద్దరి బదులుగొంతులూ వేడినీళ్ళ గురించీ, ఉప్పు తగ్గించడం గురించీ చక్కగా మాట్లాడుకుని ఉంటాయి.

సాయంత్రం నిజం భానక్కే చేసింది. చాలా ఏడ్చింది. మోకాళ్ళు కదలడం లేదట, నాకెప్పుడూ చెప్పలేదు. రాలేనంది. నాలుగేళ్ళయింది మేం కలిసి, వచ్చినా లెక్కలోకి రాదు.

పన్నెండో రోజు

ఎవరిని అడగాలో తోచక, కార్యాలయానికే రాశాను. కిందటేడు నా దగ్గరగా ఉన్నవాళ్ళెవరో మీ రికార్డుల్లో ఉంటుంది కదా, చూసి చెప్పండి అని. ఇవాళ జవాబొచ్చింది. ఆస్పత్రివాళ్ళని మినహాయిస్తే, గంటకు మించి నాకు చేతికందే దూరంలో ఉన్నవాళ్ళు ఏడాది మొత్తంలో ఒక్కరే.

మైలపల్లి దానయ్య. రెండు వందల పదకొండు గంటలు.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

పద్నాలుగో రోజు

రెండు వందల పదకొండు గంటలు! మా ఆయన ఉన్న రోజుల్లో కూడా నాకంత దగ్గరగా అన్ని గంటలు ఎవరూ కూర్చుని ఉండరు.

నిన్నంతా భయంతో గడిచింది. లిఫ్టులో నా వెనక నిలబడేవాళ్ళని, బస్సులో పక్క సీటువాళ్ళని తలుచుకున్నాను. ఒక్క ముఖం గుర్తుకు రాలేదు. ఎవరో నన్ను వెంబడిస్తున్నారా? చిరునామా అడిగితే ఇవ్వం అన్నారు. కబురు పంపగలం, ఇష్టమైతే ఆయనే మిమ్మల్ని కలుస్తాడు అన్నారు. వద్దన్నాను. తర్వాత, వేరే దారేముందని అనిపించినా, మళ్ళీ తలుపు గడియ చూసుకుని కూర్చున్నాను.

పదిహేడో రోజు

సాయంత్రం ఎప్పటిలాగే బాల్కనీలో కుర్చీ వేసుకున్నాను. మా బాల్కనీకి, పక్కింటివాళ్ళ బాల్కనీకి మధ్య తలకంటే ఎత్తుగా ఒక రేకు ఉంది. నా కుర్చీ ఎప్పుడూ ఆ రేకుకి ఆనించే ఉంటుంది, ఎండ పడదని. కార్యాలయం కాగితం మళ్ళీ తీసి చూస్తున్నాను. నాలో నేను మాట్లాడుకునే అలవాటు నాకుంది.

"ఎవడివయ్యా నువ్వు, మైలపల్లి దానయ్యా?" అన్నాను.

"నానేనమ్మా. ఏటి?" అంది రేకు.

కుర్చీలోంచి పడబోయాను. రేకు అవతల కుర్చీ కిర్రుమంది.

"భయపడినారేటి? నా పేరెట్టి పిలిసినారు కదా అని పలికినాను."

"మీరు... ఇక్కడే ఉంటారా?"

"ఆరేళ్ళయినాదమ్మా. సాయంత్రం పూట గాలికి ఈడ కూకుంటాను. మీరూ అటేపు కూకుంటారు కదా. మాటలు ఇనిపిస్తాయి."

అప్పుడర్థమైంది. నేల కింది పట్టీలకి రేకు కనపడదు. ఆయన వీపుకీ నా వీపుకీ మధ్య జానెడు దూరం. రోజూ సాయంత్రం అరగంటో ముప్పావుగంటో, ఏడాది పొడుగునా. ఆ రేకు లేకపోతే ఒకరినొకరం ఆనుకుని కూర్చునేవాళ్ళం.

పద్దెనిమిదో రోజు

పొద్దున్నే ఆయన తలుపు కొట్టాను. ఐదో నంబరు ఇల్లు. చివరిసారి ఎప్పుడు ఎవరి తలుపు కొట్టానో గుర్తులేదు. ఎంత గట్టిగా కొట్టాలో కూడా తెలియలేదు.

దానయ్య గారికి డెబ్బై దగ్గర ఉంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, తెల్లగా నెరిసిన బుర్రమీసం. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఇంట్లో రెండో గ్లాసు కోసం చాలాసేపు వెతికారు. జరిగిందంతా చెప్పి, సాక్ష్యానికి రమ్మన్నాను. శ్రద్ధగా విన్నారు.

"నాను సెప్పలేనమ్మా" అన్నారు.

"ఎందుకండీ? రికార్డులో మీ పేరే ఉంది. వచ్చి అవునంటే చాలు."

"మిమ్మల్ని ఇయ్యాల కదా సూసినాను. సూడనిదాన్ని సూసినానని ఎలాగ సెప్పీది?"

కోపం వచ్చింది నాకు. "అవునని ఒక్క మాట అంటే మీకేం పోతుంది? లేకపోతే నా ఇల్లు పోతుంది" అన్నాను, గట్టిగానే.

ఆయన గ్లాసు కింద పెట్టారు. ఒడిశా వైపు ఓ చిన్న రేవులో క్రేను నడిపేవారట. ఒకరోజు పెట్టె జారి పడింది. కింద సైగలు చేసే కుర్రాడు తప్పుగా చెయ్యి ఊపాడని చెప్పమన్నారు పైవాళ్ళు. "నాను సూడనేదు. ఎండ కళ్ళల్లో కొడతన్నాది. అయినా సూసినానని సెప్పీసినాను. ఆ కుర్రోడి ఉద్యోగం పోయినాది, ఆడేటైపోయినాడో తెలీదు. ఇరవై రెండేళ్ళయినాది. అప్పటినుంచి సూసిందే సెప్తన్నాను."

లేచి గుమ్మం దాకా వచ్చాను. కాలు అడ్డం తిరిగితే గోడ పట్టుకున్నాను. అప్పుడు నోటి వెంట వచ్చేసింది: "అయితే చూడండి. ఇంకా పన్నెండు రోజులున్నాయి. రోజూ చూడండి నన్ను."

ఆయన మీసం నిమురుకున్నారు. "రేపు పొద్దున్న ఆరింటికి రండి. కలిసి నడుద్దాం" అన్నారు.

ఇరవై రెండో రోజు

నాలుగు రోజుల నుంచి నడుస్తున్నాం. పొద్దున్న ఆరింటికి కిందికి దిగి, బీచి రోడ్డు మీద భీమిలి వైపు మైలున్నర వెళ్ళి వస్తాం. మొదటి రోజు ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరం సముద్రాన్ని చూస్తూ నడిచాం. రెండో రోజు ఆయన చేపల గురించి చెప్పారు. మూడో రోజు నేను మా ఆయన గురించి చెప్పబోయి, నవ్వి ఊరుకున్నాను.

ఇవాళ నన్ను పది అడుగులు ముందుకి నడవమని, తాను వెనక నిలబడి చూశారు.

"ఇరిగింది ఎడంకాలు కదా?"

"అవును."

"తప్పు దానిది కాదమ్మా. అది బాగానే పడతన్నాది. కుడికాలే దాన్ని నమ్మడం నేదు, తొందరపడి ముందుకొచ్చీస్తన్నాది."

డాక్టరమ్మ కూడా చెప్పలేదీ మాట. ఇంటికొచ్చి వసారాలో అటూ ఇటూ నడిచి చూసుకున్నాను. నిజమే.

ఇరవై ఐదో రోజు

ఇవాళ వాన. నడక లేదు. పొద్దున్నంతా ఏమీ తోచలేదు. వారం కిందటి దాకా ఇలాంటి పొద్దులు నాకు ఎన్ని వందలు గడిచాయో, అవన్నీ ఎలా గడిపానో! సాయంత్రం కుర్చీ వేసుకున్నాను. అవతల కుర్చీ చప్పుడైంది.

"ఉన్నారా?" అన్నాను.

"ఉన్నానమ్మా."

అంతే, ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఇరవై ఏడో రోజు

కార్యాలయంలో మనిషి ఉంటుందనుకోలేదు. షకీలా గారని, నా వయసే ఉంటుంది, కళ్ళజోడు తాడుకి కట్టుకుని ఉంది. సాక్ష్యం మాత్రం మనుషులే వినాలని నిబంధనట. రోజుకి ఇద్దరు ముగ్గురు వస్తారని, చాలామంది సాక్షి లేకుండా ఒంటరిగా వచ్చి బతిమాలుకుంటారని చెప్పింది. దానయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు.

"ఈమె మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?" అని అడిగింది షకీలా గారు.

ఏడాది అనాలి. ఏడాది కంటే తక్కువైతే చెల్లదు. రికార్డు కూడా ఏడాదే అంటోంది. నేను ఆయన వైపు చూడలేదు.

"తొమ్మిది రోజులు" అన్నారు దానయ్య గారు.

షకీలా గారు కాగితం చూసి, "రెండు వందల పదకొండు గంటలని ఉంది కదండీ?" అంది.

"అది రేకు అవతల కూకున్న లెక్కమ్మా. అబద్ధం కాదు. గానీ మీరు తెలుసా అని అడిగినారు కదా. తెలిసింది తొమ్మిది రోజులే."

ఆవిడ కలం పక్కన పెట్టింది. "సరే. రేకు అవతల నుంచి మీకేం తెలిసిందో చెప్పండి."

ఆయన మొదలుపెట్టారు.

"ఈ అమ్మ కూకునే ముందు కుర్చీని రెండుసార్లు దులుపుతాది. తనలో తాను మాటాడుకుంటాది, ఒక మాటని నాలుగు రకాలుగా అని సూసుకుంటాది. నిరుటి డిసెంబర్లో మూడు వారాలు దగ్గినాది. పొడి దగ్గు కాదు, లోతుది. కషాయం కాసి ఇద్దారని రెండుసార్లు గుమ్మం దాకా ఎళ్ళినాను. ఎవరో తెలీని ఆడమనిషి తలుపు ఏటని కొట్టీదని ఎనక్కొచ్చీసినాను. కొట్టవలసింది. మార్చిలో ఒకరోజు ఏడ్చినాది. శానాసేపు. నాను లోపలికెళ్ళిపోకుండా అక్కడే కూకున్నాను. ఎందుకంటే సెప్పలేను. ఎలిపోతే బాగోదనిపించినాది."

మార్చిలో. అది మా ఆయన పోయిన తేదీ. ఆ రోజు నాకు ఒక్కళ్ళూ ఫోన్ చెయ్యలేదు. గదిలో ఉండలేక బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాను. ప్రపంచంలో నేను బతికున్న సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

"మరి ఆ గొంతు, ఈమె గొంతు ఒకటేనా?" అని అడిగింది షకీలా గారు.

"ఒకటే. గొంతులు దొంగతనాలు సేస్తారని నాకూ తెలుసు. గానీ దగ్గునీ ఏడుపునీ ఎవరు దొంగిలిస్తారమ్మా? ఏటి పనికొస్తాయని?"

షకీలా గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కాలం రికార్డు ప్రకారం రాస్తాను. అది మీరు చెప్పక్కర్లేదు, నేల చెప్పింది. మీరు చెప్పింది సాక్ష్యం కింద రాస్తాను" అంది. తర్వాత నన్ను ఆ గది ఈ చివర నుంచి ఆ చివరికి మూడుసార్లు నడవమంది. నడిచాను. కుడికాలు తొందరపడింది. పడనిచ్చాను.

బయటికొచ్చాక మెడలోంచి పసుపు కార్డు తీసి ఇచ్చేశాను. బస్సెక్కితే బస్సు నన్నేమీ అడగలేదు. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మా అంతస్తులో దిగాక "ఒస్తానమ్మా" అని ఐదో నంబరు ఇంట్లోకి వెళ్ళారు. నేను నాలుగులోకి వెళ్ళాను. "లైటు వెయ్యి" అనకముందే ఇల్లు లైటు వేసింది.

కృతజ్ఞతలు చెప్పడం మర్చిపోయాను.

ఇరవై తొమ్మిదో రోజు

నిన్న పొద్దున్నే పనిలో కూర్చున్నాను. పదకొండు వారాల మాటలు పేరుకుపోయి ఉన్నాయి. ఆరింటికి అలవాటు ప్రకారం తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. సాక్ష్యం అయిపోయింది కదా, ఇప్పుడు ఏమని కొట్టాలి? కారణం లేకుండా ఒకరి తలుపు కొట్టడం నాకు చేతకాదు. సాయంత్రం కుర్చీ వేసుకుంటే అవతల నుంచి చప్పుడు రాలేదు. పిలవడానికీ మొహమాటపడ్డాను.

ఇవాళ ఏడున్నరకి వెళ్ళి కొట్టాను. పలకలేదు. రెండోసారి కొట్టాను. పడిపోయారా, ఒంట్లో బాగోలేదా అని భయమేసింది. లిఫ్టు కోసం నొక్కి, అది వచ్చేదాకా ఆగలేక మెట్ల తలుపు తోశాను. ఆ మెట్లు ఎవరూ వాడరు. దుమ్ము వాసన. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే పదిహేడో అంతస్తు మలుపులో కనిపించారు. గోడకి ఆనుకుని, రొప్పుతూ కూర్చుని ఉన్నారు.

"దానయ్య గారూ! ఏమైంది?"

"ఏటీ నేదమ్మా. నడిసొచ్చినాను. మెట్లెక్కుదారనిపించినాది, ఊపిరందక కూకున్నాను."

"ఒక్కరే వెళ్ళారా? నన్ను పిలవలేదేం?"

తల దించుకున్నారు. "పనయిపోయినాది కదా. ఇంక రారనుకున్నాను. నిన్న ఆరింటికి గుమ్మంకాడ నిలబడినాను సూడండి, మీ తలుపు సప్పుడు కాలేదు."

నేనూ నిన్న ఆరింటికి తలుపు ఇవతల నిలబడి ఉన్నానని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, చిన్నగా "ఓలమ్మో" అన్నారు.

నాకు నిలబడ్డ కాలు నొప్పెడుతోంది. గోడ పట్టుకుని ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మార్చిలో జరిగినదాని గురించి అప్పుడు చెప్పాను. ఈసారి నవ్వలేదు. ఆయన వింటూ మధ్యలో ఒకసారి "మీ ఆయనకి చేపలిష్టమా?" అని అడిగారు. ఇష్టమే, ముళ్ళు తియ్యడం రాక నాతో తీయించుకునేవారు అన్నాను.

ఎవరూ నడవరని మెట్ల కింద పట్టీలు వెయ్యలేదు. మేమక్కడ ఎంతసేపు కూర్చున్నామో ఏ రికార్డులోనూ లేదు. నేనూ టైము చూసుకోలేదు.